మేం ‘షల్’ను వదిలిన ఎండాకాలం

ఇంగ్లీషు టీచరుగా నేను రిటైరై కొన్నేళ్లయింది. సర్వీసంతా నిజామాబాదుకూ బోధన్‌కూ మధ్యనే గడిచింది. ఇప్పుడు ఈ ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి ఒకే ప్రశ్న అడుగుతుంటారు: “మేడం, గ్రామర్ ఎక్కడిదాకా చెప్పాలె? ఎక్కడ ఆపాలె?”

ఎక్కడ మొదలుపెట్టాలో నాకు చేరిన కొత్తలోనే తెలిసింది. ఎక్కడ ఆపాలో తెలిసేసరికి రిటైర్మెంటు దగ్గర పడింది. కాబట్టి సూటిగా జవాబు చెప్పే అర్హత నాకు లేదు. బోధన్‌లో జరిగిన ఒక శిక్షణ సంగతి చెబుతాను. మీకు కావలసింది అందులో ఉంటే తీసుకోండి, లేకపోతే వదిలేయండి.

సర్కారు బడులన్నిటిలో ఇంగ్లీషు మీడియం పెడుతున్నారని తెలిసిన ఎండాకాలం అది. అంతకాలం పలకా బలపం నుంచి పైదాకా తెలుగులో పాఠాలు చెప్పిన ప్రైమరీ టీచర్లు, బడులు తెరిచేసరికి లెక్కలూ పరిసరాల విజ్ఞానమూ ఇంగ్లీషులో చెప్పాలి. వాళ్లను తయారుచేయడానికి బోధన్‌లోని ఒక హైస్కూల్లో శిక్షణ పెట్టారు. చెప్పేవాళ్లం ఇద్దరం. ఒకరు నేను. రెండో ఆయన అప్పటికే రిటైరైన హెడ్మాస్టరు. ఆయన్ను అందరూ పెద్దసారు అనేవారు. నేనూ అలాగే అంటాను.

పెద్దసారు గురించి ముందే కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగినదాన్ని బట్టి మీరాయన్ను చెడ్డమనిషి అనుకుంటారు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, కార్మికుల ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమైన రోజుల్లో ఆయన వాళ్ల పిల్లలను సాయంత్రాలు తన ఇంటి వరండాలో కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు చెప్పాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. బ్యాంకుల్లో, రైల్వేలో, సర్కారు కచేరీల్లో ఉద్యోగాలు చేస్తున్న బోధన్ వాళ్లు ఎంతోమంది ఆ వరండాలోంచే లేచారు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, జేబులో ఎర్రసిరా పెన్ను. మాటల్లో ఒక్క తప్పు దొర్లదు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నా మొదటి హెడ్మాస్టరు ఆయనే. నన్ను “బిడ్డా” అని పిలిచేవాడు.

ఆయనకు వ్యాకరణమంటే నీతి. ఐ, వీ అనే మాటల తర్వాత షల్ రావాలి, విల్ రాకూడదు. వాక్యాన్ని అండ్‌తో మొదలుపెట్టకూడదు. ఎట్, టు, ఫర్ లాంటి మాటలతో వాక్యాన్ని ముగించకూడదు. కర్మస్థానంలో హూ అనకూడదు, హూమ్ అనాలి. ఇవన్నీ నేనూ నేర్చుకున్నవే, ఏళ్ల తరబడి నేర్పినవే. అయితే ఇంగ్లీషు పుట్టిన చోటే వీటిని పట్టించుకునేవాళ్లు పలచబడ్డారని పేపర్లు చదివే ఎవరికైనా తెలుసు. నాకు రిటైర్మెంటు రోజున శాలువా కప్పి పంపించేశారు. ఈ నియమాలకు ఎవరూ శాలువా కప్పలేదు. మన తరగతి గదుల్లో అవి రోజూ హాజరు వేసుకుంటూనే ఉన్నాయి.

శిక్షణ మొదటిరోజు గదినిండా టీచర్లు. వర్ని వైపు నుంచి, మోస్రా నుంచి, మంజీర ఒడ్డు ఊళ్ల నుంచి బస్సుల్లో, బండ్లమీద వచ్చారు. కూలరు గోల పెడుతోంది, గాలి మాత్రం ముందు వరుస దాటడం లేదు. ఒక్కొక్కరినీ లేచి తమ గురించి ఇంగ్లీషులో చెప్పమన్నాం. మొదట లేచిన ఆయన ఉత్సాహంగా, “ఐ విల్ టెల్ అబౌట్ మై స్కూల్,” అన్నాడు.

“ఐ షల్,” అన్నాడు పెద్దసారు.

“ఐ షల్ టెల్... అండ్ ఐ...”

“వాక్యం అండ్‌తోని మొదలుగాదు.”

ఆయన ఊరిపేరు చెప్పి కూర్చున్నాడు. తర్వాతి ఆమె ఇంకా తక్కువ మాట్లాడింది. ఆ తర్వాతి ఆయన పేరు ఒక్కటే చెప్పాడు. మధ్యాహ్నానికి ఆ గదిలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లం ఇద్దరమే మిగిలాం, పెద్దసారూ నేనూ. మిగిలినవాళ్లంతా శ్రద్ధగా రాసుకుంటున్నారు. శిక్షణ బాగా జరుగుతోందని బయటినుంచి చూసిన ఎవరైనా అనుకుంటారు.

చివరి బెంచీలో, కిటికీ పక్కన ఒక టీచరమ్మ కూర్చునేది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. మోస్రా దగ్గర ఒక చిన్న ఊళ్లో పనిచేస్తోంది. ఇద్దరు టీచర్ల బడి. ఆమెతో పాటు ఉన్నాయన ఆ బడి హెడ్మాస్టరు. “నేను బడి రికార్డులు చూసుకుంట, ఇంగ్లీషు సంగతి నువ్వే జూసుకో అక్కా” అని ఆయన ముందే చేతులు దులుపుకున్నాడట. టీ విరామంలో ఆమె చుట్టూ ఎప్పుడూ నలుగురు ఉండేవారు. తెలుగులో కథ చెప్పిందంటే టీచర్లే కాదు, టీ పోసేవాడు కూడా గ్లాసులు పట్టుకుని నిలబడిపోయేవాడు. గదిలోకి వచ్చిందంటే మాత్రం నోరు మూతపడేది. వంతు వచ్చినప్పుడు లేచి, చేతులు జోడించి, కూర్చునేది.

రెండోరోజు పెద్దసారు కెన్‌కూ మేకూ తేడా చెప్పాడు. చాతనవుతుందా అని అడగాలంటే కెన్, అనుమతి అడగాలంటే మే. ఆయనకు ఇష్టమైన పాఠం అది. చివర్లో ఒక చమత్కారం ఉండేది. “పిల్లగాడు లేచి, కెన్ ఐ గో ఔట్ సార్, అంటడు. నేనేమంట? యూ కెన్. బట్ మే యూ? పోవస్తదిరా నీకు, కాళ్లున్నయి గదా. కానీ నేను పొమ్మన్ననా?” గది గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ మాట నేను చాలాసార్లు విన్నదే.

కిటికీ పక్కనున్న టీచరమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది.

చాలాసేపటికీ రాకపోతే వెళ్లి చూశాను. వెనకాల నల్లా దగ్గర మొఖం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటోంది. ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

“మంచిగనే ఉన్న మేడం.”

“మరి?”

కొంగు భుజమ్మీద సర్దుకుంది. “నేను పెద్దసారు స్టూడెంట్‌ని మేడం. ఏడో తరగతి. కొత్తగ పల్లెటూరు నుంచి వచ్చి చేరిన. క్లాసుల లేచి, కెన్ ఐ గో ఔట్ సార్, అన్న. సారు గిప్పుడు చెప్పిండ్రు చూడుండ్రి, గదే మాటన్నరు. నాకు సమజ్ గాలె. మల్ల గదే అన్న. సారు మల్ల గదే అన్నరు. అందరు నవ్వుతుండ్రు. సారు కోపంగ కూడ లేకుండె మేడం, నవ్వుకుంటనే నిలబడ్డరు. నాకేమో మే అనే మాటనే తెల్వదు. బెంచీ కిందికెల్లి నీళ్లు పారినయి.”

సగం తిప్పి వదిలిన నల్లాను నేను కట్టేశాను.

“గప్పటిసంది ఇంగ్లీషుల నోరు తెరుద్దామంటే మాట రాదు. తెలుగుబడిల టీచర్‌నైతే గా బాధ ఉండదనుకుని ఈ నౌకరి చేసిన. ఇప్పుడు తెలుగుబడే లేదంటుండ్రు. ముందుగాలనే రిటైరై ఇంట్ల కూసుందామనుకుంటున్న.”

“ఊరివాళ్లేమంటున్నారు?”

“ఏమంటరు. సర్పంచు పిలిచి అడిగిండు. మేడం, నువ్వు ఇంగ్లీషుల చెప్తనంటె పిల్లలను ఈడనే ఉంచుతం, లేకుంటె ప్రైవేటు బస్సు ఎక్కిస్తం, సాఫ్ సాఫ్ చెప్పు, అన్నడు. శిక్షణ అయినంక చెప్త అన్న.” తర్వాత నా చెయ్యి పట్టుకుంది. “సారుకు చెప్పకుండ్రి మేడం. పెద్దాయన.”

చెప్పనని మాటిచ్చాను.

ఆ సాయంత్రం పెద్దసారూ నేనూ బస్టాండు దాకా నడిచాం. ఆయనకు విషయం చెప్పకుండానే, టీచర్లు భయపడుతున్నారని, షల్ గురించీ హూమ్ గురించీ ఇంత పట్టుబట్టడం అవసరమా అని అడిగాను. ఆయన చెరుకు రసం బండి దగ్గర ఆగి, రెండు గ్లాసులు చెప్పి, అప్పుడు మొదలుపెట్టాడు.

“బిడ్డా, నేను హైదరాబాదుల చదువుకునేటప్పుడు హాస్టల్ల నోరు తెరిస్తె నవ్వేటోళ్లు. వచ్చిన, పోయిన అంటె నవ్వు. గిట్ల, గట్ల అంటె నవ్వు. నా అవ్వ నేర్పిన మాట తప్పెట్లయితది? అయినా నవ్విండ్రు. అప్పుడే అనుకున్న, మన తెలుగును చూసి నవ్విండ్రు, ఇంగ్లీషునన్న నవ్వనియ్యొద్దని. గ్రామర్ పుస్తకం మొదటి పేజీకెల్లి ఆఖరి పేజీ దాక పట్టిన. తర్వాత ఎవ్వడు నవ్వలె. ఆ పుస్తకమే నన్ను నిలబెట్టింది. ఇప్పుడు నువ్వొచ్చి దాంట్ల సగం అక్కెర లేదంటున్నవు.”

నవ్వుల పాలైనవాడు నియమాన్ని కవచంలా తొడుక్కుంటాడు. కాలం మారిందని, కవచం విప్పమని ఇంకొకరు చెబితే వింటాడా? చెరుకు రసం తాగి ఎవరి దారిన వాళ్లం వెళ్లాం.

మర్నాడు నా వంతు వచ్చినప్పుడు నేను కొంచెం ధైర్యం చేశాను. పెద్దసారు జిల్లా ఆఫీసు పనిమీద నిజామాబాదు వెళ్లి ఉన్నాడు, నా ధైర్యానికి అది కూడా కారణం. నల్లబల్లమీద రెండు రకాల వాక్యాలు రాశాను. హీ గో, షీ డిడ్ నాట్ వెంట్, ఇలాంటివి ఒక పక్క. ఐ విల్ కమ్, హూ డిడ్ యూ సీ, కెన్ ఐ గో, ఇలాంటివి రెండో పక్క. మొదటివి తప్పులు, పిల్లల నోట వస్తే మెల్లగా సరిచేయాలి. రెండోవి తప్పులు కావు. ఒకప్పుడు తప్పన్నారు, ఇప్పుడు లోకమంతా అలాగే మాట్లాడుతోంది. వాటికోసం పిల్లల్నీ ఆపకండి, మీరూ ఆగకండి, అని చెప్పాను.

టీచర్ల మొఖాలు వెలుగుతాయని ఆశించాను. వెలగలేదు. ముందు వరుసలో ఒకాయన పెన్ను మూసి, “మేడం, మరి పరీక్షల వస్తె?” అన్నాడు. ఇంకొకాయనకు కోపమే వచ్చింది. “షల్ గురించి మేం దెబ్బలు తిన్నం మేడం. చేతులు వాచినయి. ఇప్పుడు గా షల్ లేనే లేదంటె, మేం తిన్న దెబ్బలు ఏం గావాలె?” గదిలో నవ్వులు లేచాయి. ఆయన మాత్రం నవ్వడం లేదు.

ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. నియమం వల్ల బాధపడ్డవాళ్లు నియమం పోతే సంతోషిస్తారనుకోవద్దు. బాధపడి సంపాదించుకున్నది కదా, అంత తేలిగ్గా వదులుకోరు. కిటికీ పక్కనున్న టీచరమ్మ కూడా బయటికి వెళ్లేటప్పుడు నా దగ్గర ఆగి, “మీరంటె అయితదా మేడం? పెద్దసారు అనాలె గదా,” అంది. ఆ పూటకు నా పాఠం విఫలమైందని ఒప్పుకున్నాను.

శిక్షణ ఆఖరిరోజు నమూనా పాఠాలు. బడి వెనక గల్లీలోంచి చిన్నపిల్లల్ని పిలుచుకొచ్చి నేలమీద కూర్చోబెట్టాం. బోధన్ పిల్లలు ఎలా ఉంటారో మీకు తెలుసు. అమ్మతో తెలుగు, పక్కింట్లో ఉర్దూ, బజారులో మరాఠీ. ఏ భాషకూ వ్యాకరణం చదవలేదు. ఏ భాషకూ జంకరు. ఒక్కో టీచరూ వాళ్లకు ఇంగ్లీషులో చిన్న పాఠం చెప్పాలి. ఎవరు ఇంగ్లీషు మీడియానికి సిద్ధం, ఎవరు మళ్లీ శిక్షణకు రావాలి అన్నది పెద్దసారూ నేనూ కలిసి తేల్చాలి. ఇద్దరి మాటా ఒక్కటైతేనే చెల్లుతుంది.

పొద్దున్నించీ పాఠాలు నిదానంగా, భయంభయంగా సాగాయి. అందరూ శిక్షణ పుస్తకంలో ఉన్న పెంగ్విన్ కథే చెప్పారు. ఐదారుసార్లు పెంగ్విన్ వచ్చిపోయేసరికి పిల్లలు ఒకరినొకరు గిచ్చుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు కిటికీ పక్కనున్న టీచరమ్మ వంతు వచ్చింది. ఆమె రాదనుకున్నాను. వచ్చింది. చేతిలో పుస్తకం లేదు. మొదటి వాక్యం ఎవరికీ వినపడలేదు. పెద్దసారు “లౌడర్” అన్నాడు. ఆమె ఆయన్ను చూడటం మానేసి పిల్లల వైపు తిరిగి, నేలమీద వాళ్లతో పాటు కూర్చుంది.

కథ బర్రె గురించి. కాలువ నీళ్లలో ఒక బర్రె పడుకుంది. లేవనంటుంది. అవ్వ పిలిచింది. బర్రె లేవలేదు. అవ్వ కొడుకు తాడు పట్టి లాగాడు. లేవలేదు. బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. లేవలేదు. అంతా చిన్నచిన్న ఇంగ్లీషు వాక్యాలు. మాట దొరకనిచోట ఆమె తానే బర్రె అయ్యేది, తానే హారన్ అయ్యేది. మూడో వాక్యానికల్లా గొంతు పెరిగింది. పిల్లలు గిచ్చుకోవడం ఆపి ముందుకు జరిగారు. పెద్దసారు కాగితంమీద ఎర్రసిరాతో రాసుకుంటూనే ఉన్నాడు. “ద బఫెలో డిడ్ నాట్ గాట్ అప్” అని ఆమె ఒకసారి అన్నప్పుడు నేనూ రాసుకున్నాను. అది నిజంగానే తప్పు.

ఆఖరికి గట్టుమీద దూడ అరిచింది. బర్రె తల తిప్పి చూసి, లేచి, నీళ్లు కారుకుంటూ నడిచింది. కథ అయిపోయింది. గదిలో పెద్దవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

పెద్దసారు లేచి కాగితం చూసి చదివాడు. “ఐ విల్ టెల్ యూ అన్నరు, ఐ షల్ అనాలె. చాలా వాక్యాలు అండ్‌తోని మొదలైనయి, కొన్ని బట్‌తోని. డిడ్ నాట్ గాట్ అన్నరు, డిడ్ నాట్ గెట్. తర్వాత, హూ విల్ ద బఫెలో లిజన్ టు, అని పిల్లలను అడిగిండ్రు. హూ గాదు, హూమ్. వాక్యం చివర టు ఉండొద్దు.” కాగితం మడిచాడు. “కథ మంచిగున్నది. ఇంగ్లీషు ఇంక కావాలె. మల్లొకసారి శిక్షణకు రావాలె.”

ఆమె తల ఊపింది. లేచి తన బెంచీకి వెళ్లబోయింది. నాకు సర్పంచు మాట, ప్రైవేటు బస్సు గుర్తొచ్చాయి.

“సార్, నేను ఒప్పుకోను,” అన్నాను. అందరి ముందూ ఆయన్ను కాదనడం అదే మొదటిసారి. “డిడ్ నాట్ గాట్ తప్పే. మిగిలినవి పిల్లలకు అడ్డం రాలేదు. కథ వాళ్లకు అందింది.”

“అందిందో లేదో మనకెట్ల తెలుస్తది? అడుగుదాం,” అన్నాడు ఆయన. పిల్లల వైపు తిరిగాడు. ఆయన పిల్లలతో మాట్లాడేటప్పుడు గొంతు చాలా మెత్తగా ఉండేది. “నౌ చిల్డ్రన్. ఎట్ హూమ్ డిడ్ ద బఫెలో లుక్?”

పిల్లలు ఆయన మొఖం చూశారు.

“ఎట్ హూమ్... డిడ్ ద బఫెలో... లుక్?” ఒక్కో మాటా విడదీసి మళ్లీ అడిగాడు. ఒక పిల్ల నాకేసి చూసింది, చెప్పమన్నట్టు. పెద్దసారు ఆగి, టీచరమ్మ వైపు చూసి, “మీరు అడుగుండ్రి,” అన్నాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయింది. “అడుగు అమ్మా, ఫర్వాలేదు.”

ఆమె గోడకు ఆనుకునే, గట్టిగా కూడా కాదు, ఎప్పటిలా అడిగింది. “హూ డిడ్ ద బఫెలో లుక్ ఎట్?”

“కాఫ్!” అని కొందరు, “దూడ!” అని కొందరు ఒక్కసారే అరిచారు. ఒకడు దూడలా అరిచి చూపించాడు కూడా.

పెద్దసారు కాగితం జేబులో పెట్టుకున్నాడు. ఓడిపోయినట్టు లేడు. ఏదో మాట చెవిన పడి దాని అర్థం వెతుక్కుంటున్నట్టు ఉన్నాడు. “భోజనం చేద్దాం,” అన్నాడు.

అన్నాల దగ్గర ఆయన పళ్లెం పట్టుకుని ఆ టీచరమ్మ పక్కన వచ్చి కూర్చున్నాడు. నేను ఎదురుగా ఉన్నాను.

“యాడ చదువుకున్నవమ్మా?”

“మీ దగ్గరనే సార్. హైస్కూల్ల.”

ఆయన మొఖం విప్పారింది. ముసలి టీచర్లకు అంతకంటే పెద్ద సంతోషం ఉండదు, మీకూ ఒకనాడు తెలుస్తుంది. “అట్లనా! నాకు చెప్పనే లేదు. నా క్లాసులకెల్లి ఏమన్న యాదికున్నదా?”

ఆమె ముద్ద కలుపుతూ ఆగింది. అబద్ధం చెబుతుందనుకున్నాను. చెప్పేసింది. నల్లా దగ్గర నాకు చెప్పినట్టే, అంతే మెల్లగా, బెంచీ దాకా. కోపం లేదు, కన్నీళ్లు లేవు. వేరెవరికో జరిగిన సంగతిలా చెప్పింది.

పెద్దసారు చెయ్యి పళ్లెంలోనే ఉండిపోయింది.

“అప్పుడు నేనేం చేసిన?” అన్నాడు చివరికి.

“ఆయమ్మను పిలిచి నీళ్లు పోయించిండ్రు సార్. నన్ను ఇంటికి పొమ్మన్నరు. ఏమనలేదు.”

“నాకు యాదికి లేదు.”

“ఎట్లుంటది సార్. మీకు ఎంతమంది పిల్లలు.”

“ఆ మాట నేను మంచి జోకనుకున్న,” అన్నాడు. ఆమెతో కాదు, నాతోనూ కాదు. “సర్వీసంతా చెప్పిన. మొన్నగూడ చెప్పిన గదా, ఈ గదిలనే.” తర్వాత ఆయన అన్నం తినలేదు. చెయ్యి కడుక్కుని, బడి వెనక్కి వెళ్లి, చాలాసేపు అక్కడే ఉన్నాడు. ఆమె నా వైపు చూసి, “చెప్పకుండ ఉంటె మంచిగుండె, కదా మేడం?” అంది. నేను ఆయన వదిలేసిన పళ్లెం తీసి పక్కన పెట్టాను.

సాయంత్రం ముగింపు మాటలు పెద్దసారువి. ఎప్పటిలా బల్ల దగ్గర నిలబడ్డాడు. సుద్దముక్క తీసుకోలేదు. మామూలుగా ఇంగ్లీషులో మాట్లాడే మనిషి ఆ రోజు తెలుగులో, తన అవ్వ నేర్పిన తెలుగులో మాట్లాడాడు.

“నేను ముసలోణ్ని. నా నాలుక తిరగదు. నేను షల్ అనుకుంటనే పోత. మీరు విల్ అనుండ్రి. మేడం బల్లమీద ఏదో రాసిందని విన్న, తప్పులు ఒక దిక్కు, తప్పుగానియి ఒక దిక్కు. గదే రాసుకోండ్రి. పిల్లగాడు లేచి బయటికి పోత అంటె, ఏ భాషల అడిగినా, ఎట్ల అడిగినా, ముందుగాల పోనియ్యుండ్రి. అంతే.”

టీచర్లలో చాలామందికి ఆ ఆఖరి మాట ఎందుకన్నాడో తెలియదు. తెలిసిన ఆమె తల దించుకుని ఉంది. దెబ్బలు తిన్నానన్న ఆయన పెన్ను తెరిచి రాసుకోవడం మాత్రం చూశాను. నేను చెప్పినప్పుడు మూసిన పెన్ను అది. మీరు ఎంత సరైన మాట చెప్పినా సరే, ఎవరు చెప్పాలో వాళ్లు చెబితేనే ఎక్కుతుంది. దాని గురించి నేను బాధపడటం మానేశాను.

ఆమెను సిద్ధంగా ఉన్నవాళ్లలో చేర్చమని ఆయనే అన్నాడు. బస్టాండుకు నడుస్తుంటే ఆమె సంగతి ఎత్తలేదు. దారిలో నేను మాటల్లో ఒక ఇంగ్లీషు వాక్యాన్ని బట్‌తో మొదలుపెట్టాను. అలవాటుగా నన్ను సరిచేయబోయి, ఆగి, “పోనీ తియ్యి,” అన్నాడు. మరుక్షణమే, “నువ్వు టీచర్‌వి గదా బిడ్డా, నువ్వన్న మంచిగ మాట్లాడొద్దా?” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాతి విడత శిక్షణకు ఆయన రాలేదు. ఆరోగ్యం బాగాలేదని కబురు చేశాడు. ఆరోగ్యమే కారణమో కాదో నేను అడగలేదు. పండుగలకు ఫోన్ చేస్తే ఇప్పటికీ మాట్లాడతాడు, ఇప్పటికీ షల్ అనే అంటాడు.

ఆ ఊళ్లో అంతా చక్కబడిందని చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు. టీచరమ్మ సర్పంచుకు “ఇంగ్లీషుల చెప్త” అని మాటిచ్చింది. అయినా కొందరు పిల్లలు ప్రైవేటు బస్సే ఎక్కారు. మిగిలినవాళ్లతో బడి నడిచింది, మూతపడలేదు. ఆమె రిటైర్మెంటు ఊసెత్తలేదు.

బడి తెరిచిన మొదటి వారం నుంచీ ఆమె నాకు ఫోన్ చేసేది. పొద్దున బస్సులో కూర్చుని, వెనక కండక్టరు అరుపులు వినపడుతుండగా, ఆ రోజు చెప్పబోయే వాక్యాలన్నీ ఒప్పజెప్పేది. “లీవ్స్ ఆర్ గ్రీన్, గిది కరెక్టేనా మేడం?” “ఓపెన్ యువర్ బుక్స్ అనాలెనా, ప్లీజ్ ముందు పెట్టాలెనా?” “ఐ విల్ అనొచ్చు గదా? పక్కానా?” అన్నీ సరైనవే. అయినా అడిగేది. అవునమ్మా, సరే అమ్మా, చెప్పమ్మా, ఇంతకంటే నేను చేసేదేమీ ఉండేది కాదు. ఆ ఎండాకాలం చివర్లోనే రిటైరై నేను ఇంట్లో ఉన్నాను. ఆ ఫోన్ నా పొద్దుటి టీలో భాగమైపోయింది. చదువు చెప్పడం అలవాటైన మనిషికి రిటైర్మెంటులో ఎవరో ఒకరు సందేహం అడగాలి, లేకపోతే తోచదు.

చలికాలం వచ్చేసరికి ఫోన్లు తగ్గాయి. తర్వాత అసలే రాలేదు. ఒంట్లో బాగాలేదేమో, నేనేమైనా అన్నానేమో అని కొన్నాళ్లు చూసి, ఒకరోజు నేనే చేశాను. తరగతిలో ఉన్నట్టుంది. వెనక ఒకటే గోల. ఎవరో ఎవరిమీదో ఇంగ్లీషులో చాడీ చెబుతున్నారు, ఇంకెవరో కాదంటున్నారు. వాక్యానికి రెండు తప్పులు ఖాయం. ఆమె మధ్యలో “వన్ మినిట్, వన్ మినిట్, ఐ విల్ కమ్” అని వాళ్లను కసిరి, ఫోన్లోకి వచ్చింది.

“నమస్తే మేడం! మంచిగున్నరా?”

“బాగున్నాను. నువ్వు ఫోన్ చేయడం మానేశావు, ఏమైంది?”

నిజంగానే కారణం వెతుక్కుంటున్నట్టుంది. తర్వాత తానే ఆశ్చర్యపోతూ అంది.

“యాది మరిచిన మేడం. అడుగుడే యాది మరిచిన.”